పాత కంప్యూటర్ల లాట్ మొత్తం కొనాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి

“అన్నా, ముప్పై నలభై పాత కంప్యూటర్లు ఉన్నాయంట. విడిగా ఇవ్వరంట, మొత్తం ఎత్తుకుపోతేనే ఇస్తారంట. తీసుకోమంటావా?”

పాత కంప్యూటర్లు సేకరించి బాగుచేస్తానని నలుగురికీ తెలిసినప్పటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. చిత్తూరులో మూతపడిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ కావచ్చు, తిరుపతిలో రిటైరైన లెక్చరర్ గారి మిద్దె మీద గది కావచ్చు, డీటీపీ సెంటర్ వెనకాల గోడౌన్ కావచ్చు. చోటు మారుతుంది గానీ ప్రశ్న అదే. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. నలభై మిషన్ల గుట్ట చూసినప్పుడు మన కళ్లు నాలుగైదింటి మీదే ఉంటాయి. కొనాలా వద్దా అని తేల్చేది మాత్రం ఆ నాలుగైదు కాదు, మిగిలిన ముప్పై ఐదు. వాటిని మోయాలి, పెట్టాలి, కాపాడాలి, చివరికి ఎటో పంపించాలి. కింద రాసిన పద్ధతంతా ఆ ముప్పై ఐదింటి లెక్క తేల్చడానికే.

ఈ లెక్క వేయకుండా నేనొకసారి చిత్తూరులో ఒక ఇన్‌స్టిట్యూట్ లాట్ మొత్తం తెచ్చుకున్నాను. ఒక్క కేబినెట్ కూడా విప్పి చూడలేదు. ఇంట్లో చోటు లేక తెలిసినవాళ్ల రేకుల షెడ్డులో పెట్టాను. నవంబర్ వానలకు కింది వరస మొత్తం తడిసింది. అందులో నేను దేనికోసమైతే లాట్ కొన్నానో ఆ మిషన్ కూడా ఉంది. ఇప్పటికీ ఆ బోర్డు పారేయబుద్ధి కాక దాచుకున్నాను. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

వెంట తీసుకెళ్లాల్సినవి

- స్టార్, ప్లెయిన్ స్క్రూడ్రైవర్లు, ఒక పొడవాటిది తప్పనిసరి
- మంచి టార్చ్, ఫోన్‌కి పవర్ బ్యాంక్ (ఫొటోలు వందల్లో తీయాలి)
- నోట్‌బుక్, నంబర్లు వేసిన స్టిక్కర్లు
- మాస్క్, గ్లౌజులు, పాత బట్టలు
- మల్టీమీటర్
- కటింగ్ ప్లయర్
- సిరీస్ బోర్డు, అంటే 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టిన టెస్టింగ్ బోర్డు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు
- కొలత టేపు
- తోడుగా ఒక మనిషి. మిషన్ల పిచ్చి లేనివాళ్లయితే ఇంకా మంచిది, మనల్ని ఆపుతారు

డబ్బు మాత్రం తీసుకెళ్లకండి. మొదటిరోజు చూడటానికే వెళ్తున్నారు.

1. ఫోన్‌లోనే సగం తేల్చండి

బయలుదేరే ముందే ఇవి అడగండి. ఎన్ని ఉన్నాయి? ఎన్నాళ్లుగా కదల్చలేదు? ఏ అంతస్తులో ఉన్నాయి, లిఫ్ట్ ఉందా? ఎప్పుడైనా నీళ్లు చేరాయా? 2021 నవంబర్‌లో తిరుపతి మునిగినప్పుడు ఆ గది సంగతేమిటి? ఎందుకు అమ్ముతున్నారు, ఎప్పటిలోగా ఖాళీ చేయాలి? పాత సామాన్లవాళ్లు ఎవరైనా రేటు చెప్పారా?

ఆఖరి ప్రశ్న ముఖ్యం. మీకు అసలు పోటీ మనలా పాత మిషన్లు సేకరించే ఇంకొకరు కాదు, తూకం లెక్కన ఎత్తుకుపోయే తుక్కు వ్యాపారి. అతను చెప్పిన రేటు తెలిస్తే అమ్మేవాళ్ల మనసులో ఉన్న ధర సగం తెలిసినట్టే.

ఫొటోలు పంపమనండి. ముందు వైపువి ఎవరైనా పంపుతారు. వెనక లేబుళ్లవి పంపమని ప్రత్యేకంగా అడగండి.

2. అక్కడికి వెళ్లే ముందు మీ ఇల్లు కొలవండి

ఇది చాలామంది చేయరు. 14 అంగుళాల పాత మానిటర్ ఒక్కటే సుమారు పది పన్నెండు కిలోలుంటుంది. చోటు కూడా ప్రతివైపూ అడుగుంపావు దాకా తింటుంది. నలభై మానిటర్లంటే నాలుగు వందల కిలోల పైమాట. కేబినెట్లు ఇంకో నాలుగు వందలు. ప్రింటర్లు, యూపీఎస్‌లు కలిపితే టన్ను దగ్గరికి వస్తుంది. టాటా ఏస్‌లో ఒక్క ట్రిప్పుకు పట్టదు.

గోడ మీద సుద్దముక్కతో గీసి చూడండి, ఎంత మేర నిండుతుందో. మనవైపు రేకుల షెడ్డు అసలు పనికిరాదు. ఎండాకాలం లోపల ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు తుప్పు పడుతుంది. స్లాబు కింద, నేలకు అరడుగైనా ఎత్తులో ర్యాకులు ఉండాలి. ఆ చోటు బాడుగకు తీసుకోవాల్సి వస్తే ఏడాది బాడుగ లెక్కలో వేయండి. నెల బాడుగ వేసి మోసపోవద్దు, ఏ లాటూ నెలలో ఖాళీ కాదు.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. ఆటో దిగాక చెప్తే టెన్షన్ మీకే.

3. పగటిపూట వెళ్లండి, మొదటి పావుగంట ఏదీ ముట్టుకోవద్దు

గది తలుపు తీయగానే వాసన చూడండి. ముక్కవాసన, బూజువాసన వస్తే ఫ్లాపీలు, మాన్యువళ్లు చెడి ఉండే అవకాశం ఎక్కువ. ఎలుకల వాసన వస్తే వైర్లు కొరికి ఉంటాయి, బోర్డుల మీద మూత్రం పడితే ట్రాకులు, అంటే బోర్డు మీది సన్నని రాగి గీతలు, తినేస్తుంది. గోడ వెంట మట్టిగీతలు కనిపిస్తే చెదలు. అట్టపెట్టె బయటికి కొత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది.

తర్వాత వంగి కింది వరస చూడండి. కేబినెట్ల కాళ్ల దగ్గర ఒకే ఎత్తులో తుప్పుగీత ఉంటే నీళ్లు అంతవరకు వచ్చాయని అర్థం. అమ్మేవాళ్లు దాచారని కాదు, చాలాసార్లు వాళ్లకే తెలియదు.

4. ప్రతిదానికీ నంబరు వేసి, నాలుగు కుప్పలుగా రాసుకోండి

స్టిక్కర్ అంటించడం, ముందు ఫొటో, వెనక లేబుల్ ఫొటో, నోట్‌బుక్‌లో ఒక గీత. నలభై మిషన్లకు రెండు మూడు గంటలు పడుతుంది. విసుగనిపించినా వదలొద్దు. కుప్పలు ఇవి:

*అ: నిజంగా కావలసినవి.* మన దేశంలో తయారైనవి ఇక్కడ మొదట వెతకండి. 1984లో బడుల కోసం మొదలైన క్లాస్ పథకంలో బ్రిటన్ ఎకార్న్ కంపెనీ బీబీసీ మైక్రోలు వచ్చాయి. అవే డిజైన్‌తో సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ వాళ్లు ‘ఎస్‌సీఎల్ యూనికార్న్’ అని ఇక్కడే చేశారు. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్ల ‘డీబీ స్పెక్ట్రమ్ ప్లస్’ బ్రిటన్ ఇంటి కంప్యూటర్ సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌కి మన దేశపు రూపం. హెచ్‌సీఎల్, డీసీఎం, హైదరాబాద్ ఈసీఐఎల్ పేర్లున్న 1970లు, 80ల నాటి ఏ పెట్టె అయినా, ఒక్క బోర్డు అయినా పక్కన పెట్టండి. ఇలాంటివి బయట దేశాల్లో వెతికినా దొరకవు, ఇక్కడ తుక్కులోకి పోతే మళ్లీ పుట్టవు. ఐబీఎం పీసీ (1981), ఎక్స్‌టీ (1983), ఏటీ (1984) అసలువి ఉంటే అవీ ఇందులోకే.

ఇంకొకటి మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. విండోస్‌కు ముందటి పాత డాస్ మిషన్ విప్పినప్పుడు లోపల పొడవాటి కార్డు మీద ‘జిస్ట్’ అని కనిపిస్తే జాగ్రత్త చేయండి. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్ వాళ్ల ఆ కార్డుతో అప్పట్లో డాస్ తెర మీద తెలుగు అక్షరం కనిపించేది. డీటీపీ సెంటర్ల మిషన్లలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, ప్రింటర్ పోర్టుకు తగిలించిన చిన్న డాంగిల్ ఉంటాయి. ఆ డాంగిల్ చూడటానికి పనికిరాని ముక్కలా ఉంటుంది. అది పోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు.

*ఆ: అమ్మగలిగేవి.* టీవీఎస్ గోల్డ్ లాంటి టకటకలాడే మెకానికల్ కీబోర్డులు, పనిచేసే ఫ్లాపీ డ్రైవులు, పాత సౌండ్ కార్డులు, వీడియో కార్డులు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు. ప్రింటర్లు ఇప్పటికీ కొన్ని దుకాణాల్లో బిల్లులకు నడుస్తున్నాయి.

*ఇ: విడిభాగాలకు.* 386, 486 (ఇవి ప్రాసెసర్ల నంబర్లు), మొదటి పెంటియమ్‌లలో చెడిపోయినవి.

*ఈ: బరువు మాత్రమే.* 2000 తర్వాతి పెంటియమ్ 4 కేబినెట్లు, పగిలిన మానిటర్లు, చచ్చిన యూపీఎస్‌లు. ఇన్‌స్టిట్యూట్ లాట్లలో ఎక్కువ భాగం ఇదే. 1999 నుంచి 2007 మధ్య వచ్చిన మదర్‌బోర్డుల్లో చాలావాటికి నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి, తల ఉబ్బి ఉంటాయి. ఒకటి రెండు మంచివి ఉంచుకుంటే చాలు.

అనుమానం వచ్చినదాన్ని ‘అ’లో వేయకండి, ‘ఇ’లో వేయండి. గదిలో ఉన్నంతసేపూ అన్నీ అపురూపంగానే కనిపిస్తాయి.

5. పది మిషన్లు విప్పి చూడండి

విప్పనివ్వను అంటే అక్కడితో ఆగిపోండి. విప్పి చూపించని లాట్‌ని ఖాళీ డబ్బాల లాట్‌గానే లెక్కకట్టాలి. చాలాసార్లు అది నిజమే అవుతుంది. పాత సెరామిక్ ప్రాసెసర్లలో బంగారపు పూత ఉంటుందని ముందే ఎవరో పీక్కుపోయి ఉంటారు. ర్యామ్ కూడా అంతే. (ఆ బంగారం ఇంట్లో యాసిడ్‌తో తీద్దామనే ఆలోచన మీకొస్తే దయచేసి మానుకోండి. ఆ పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. నాలుగు రూపాయల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.)

‘అ’ కుప్పలోవి అన్నీ, మిగిలినవాటిలో అక్కడొకటి ఇక్కడొకటి విప్పండి. ఏం చూడాలంటే:

బ్యాటరీ. 286, 386, 486 బోర్డుల మీద కీబోర్డు సాకెట్ దగ్గర వేలెడంత లావున, నీలంరంగులో పడుకున్న డ్రమ్ములాంటి 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ముప్పై ఏళ్లకు అది కారకుండా ఉండటం అరుదు. టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. మొదట దాని కాళ్ల దగ్గర తెల్లటి పొడి, ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి పచ్చని నూగు బయలుదేరి ట్రాకుల వెంటే పాకుతుంది. ఆ ట్రాకులు మెరుపు పోయి నల్లబడతాయి. ముదిరితే పక్కనున్న, కార్డులు గుచ్చే స్లాట్ లోపలి పిన్నులు కూడా పచ్చబడి ఉంటాయి. నూగు బ్యాటరీ చుట్టూ అంగుళం మేరే ఉంటే బాగవుతుంది. స్లాట్లలోకి, కీబోర్డు చిప్ కిందికి వెళ్లిపోతే ఆ బోర్డును ‘ఇ’లోకి మార్చండి. అదృష్టం కొద్దీ కొన్ని బోర్డుల్లో దీని బదులు ‘డల్లాస్’ అని రాసిన నల్లటి గడియారం చిప్ ఉంటుంది. దాని లోపలి బ్యాటరీ అయిపోతుంది గానీ కారదు.

యాపిల్ మాకింటోష్ దొరికితే సంబరపడే ముందు లోపలి చిన్న లిథియం బ్యాటరీ చూడండి. అది పగిలిందంటే బోర్డుతో పాటు లోపలి ఇనుప ఫ్రేమ్‌ని కూడా తినేస్తుంది.

బీబీసీ మైక్రో, యూనికార్న్ రకాలైతే పవర్ సప్లైలో ‘రిఫా’ అని రాసిన పసుపుపచ్చ, పారదర్శకమైన కెపాసిటర్లు ఉండవచ్చు. ఒంటి మీద సన్నని పగుళ్లు ఉంటే కరెంటు ఇచ్చిన కాసేపటికి పెద్ద శబ్దంతో పొగ వస్తుంది. గదంతా ఘాటైన వాసన. మిషన్ చచ్చిపోయిందని భయపడతారు గానీ సాధారణంగా ఆ కెపాసిటర్లు మారిస్తే సరిపోతుంది. ఎక్స్2 రకం అని అడిగి కొనండి. ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో చూడొచ్చు.

కొన్ని చిప్‌ల మీద చిన్న గాజు కిటికీ, దాని మీద కాగితం స్టిక్కర్ ఉంటాయి. ఆ స్టిక్కర్ పీకొద్దు. ఎండ తగిలితే లోపల రాసిన ప్రోగ్రామ్ చెరిగిపోతుంది.

6. కరెంటు పెట్టి చూడటం

“పనిచేస్తున్నాయి సార్, ఆన్ చేసి చూపిస్తా” అని ప్లగ్ పట్టుకొస్తారు. వద్దనండి. ఏళ్ల తరబడి పడుకున్న మిషన్‌కు నేరుగా కరెంటు ఇవ్వకూడదు. కొనకముందు ఆన్ చేయడం వల్ల మీకొచ్చే లాభం కంటే మిషన్‌కొచ్చే నష్టమే ఎక్కువ. ధర కట్టేటప్పుడు అన్నీ పనిచేయనివిగానే లెక్కవేయండి.

తప్పదనుకుంటే రెండు మూడింటిని మాత్రం ఇలా చూడండి:

అ) విప్పి, దుమ్ము ఊదేసి, లోపల ఎక్కడా లోహపు ముక్కలు, ఎలుక గూళ్లు లేవని చూసుకోండి.
ఆ) వెనకాల 115/230 స్విచ్ ఉంటే 230లో ఉందో లేదో చూడండి. అమెరికా నుంచి తెచ్చిన మిషన్ కొన్నిసార్లు 110 వోల్టులకు మాత్రమే చేసి ఉంటుంది, దాన్ని మన సాకెట్‌లో పెట్టకండి.
ఇ) సిరీస్ బోర్డు ద్వారా ఇవ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే పవర్ సప్లైలో షార్ట్ లేదన్నమాట. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయండి.
ఈ) షార్ట్ లేకపోతే మల్టీమీటర్‌తో 5 వోల్టులు, 12 వోల్టులు సరిగా వస్తున్నాయో చూడండి. బల్బు అడ్డంగా ఉన్నప్పుడు కాస్త తక్కువ చూపించడం, ఆగి ఆగి రావడం మామూలే.

స్పెక్ట్రమ్ రకాలకు ఏదో ఒక అడాప్టర్ పెట్టేయకండి. దానికి 9 వోల్టులు, నడిమి పిన్ను నెగటివ్. ఇప్పుడు దొరికే అడాప్టర్లు చాలావరకు నడిమి పిన్ను పాజిటివ్. తిరగబడితే మిషన్ పోతుంది. దాని కీబోర్డు నుంచి వచ్చే రిబ్బన్ కూడా ఎండిన తాటాకులా ఉంటుంది, మూత తీసేటప్పుడు లాగితే విరుగుతుంది.

మానిటర్ వెనక మూత ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. కరెంటు తీసేసి ఎన్ని రోజులైనా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టుల చార్జ్ నిలిచి ఉండొచ్చు. ట్యూబ్‌కు దెబ్బ తగిలి పగిలితే గాజు ఎగురుతుంది. టీవీ మెకానిక్‌గా చేసిన మనిషి పక్కన లేకుండా దాని జోలికి పోకండి.

7. ఫ్లాపీలు, హార్డ్ డిస్కులు, కాగితాలు

నా దృష్టిలో చాలా లాట్లలో విలువైనది ఇక్కడే ఉంటుంది. పెట్టె మళ్లీ ఎక్కడైనా దొరకొచ్చు. ఊరి డీటీపీ సెంటర్‌లో కంపోజ్ చేసిన తెలుగు ఫైలు ఆ ఒక్క ఫ్లాపీలోనే ఉండొచ్చు. మాన్యువళ్లు, బిల్లులు, ఇన్‌స్టిట్యూట్ సిలబస్ కాగితాలు, చేత్తో రాసిన బేసిక్ ప్రోగ్రామ్‌ల నోటు పుస్తకాలు తుక్కువాళ్లు మొదట చించేసేవి. వాటిని లాట్‌లో భాగంగానే అడగండి.

ఫ్లాపీని వెలుతురుకు అడ్డంగా పెట్టి, దాని తొడుగులో తెరిచి ఉన్న సందులోంచి లోపలి డిస్కును వేలు తగలకుండా మెల్లగా తిప్పి చూడండి. తెల్లటి మచ్చలు, వలయాలు కనిపిస్తే బూజు. డ్రైవ్‌లో పెట్టారంటే హెడ్‌కు అంటుకుని తర్వాతి ఫ్లాపీల్ని కూడా గీకేస్తుంది. బూజు లేనివాటిని ఇంటికొచ్చాక గ్రీజ్‌వీజిల్ లాంటి యూఎస్‌బీ బోర్డుతో కాపీ చేసుకోవచ్చు.

హార్డ్ డిస్కుల్లో విద్యార్థుల మార్కులు, ఇళ్ల అడ్రసులు, ఆఫీసు లెక్కలు ఉండొచ్చు. “ఇందులో మీ సమాచారం ఉంటే ఏం చేయమంటారు?” అని అమ్మేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయండి. వాళ్ల సొంత ఫొటోలు, ఉత్తరాలు దొరికితే కాపీ చేసి ఇవ్వండి. ధర మాట అటుంచితే అది మన ధర్మం.

8. ఇంటికొచ్చి, తిన్న తర్వాత, లెక్క వేయండి

గదిలో నిలబడి ధర చెప్పకండి. “రేపు సాయంత్రం చెప్తాను” అని వచ్చేయండి. కింది అంకెలు పద్ధతి చూపించడానికి వేసినవి, మార్కెట్ రేట్లు కావు. మీ లాట్‌కు మీ అంకెలు వేసుకోండి.

ముప్పై ఎనిమిది మిషన్లు చిత్తూరులో ఉన్నాయి, మీరు డెబ్బై కిలోమీటర్ల దూరంలో తిరుపతిలో ఉన్నారు. వాళ్లు 80,000 అడిగారు. ‘అ’ కుప్పలో ఐదున్నాయి. అవి విడిగా, పనిచేయని స్థితిలో, దుకాణంలో పెట్టి ఉంటే మీరెంత ఇస్తారు? 38,000 అనుకుందాం. ‘ఆ’ కుప్పలోవి 12,000కు పోతాయనిపిస్తే సగమే వేయండి, 6,000. మొత్తం 44,000.

ఇప్పుడు ఖర్చులు:

- రెండు ట్రిప్పుల బండి బాడుగ: 7,000
- హమాలీ కూలి: 2,000
- ర్యాకులు: 9,000
- కెపాసిటర్లు, బ్యాటరీలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇతర రిపేర్లు: 6,000
- ‘ఈ’ కుప్పను సరైన చోటికి పంపడం: 2,000

ఖర్చులు 26,000. 44,000లోంచి తీస్తే 18,000. మొత్తం లాట్‌కు మీరు ఇవ్వగలిగే గరిష్ఠ ధర అది.

ఇప్పుడు ఇంకో లెక్క. ఆ ఐదింటినే తీసుకుంటే? కారులో పట్టేస్తాయి, పెట్రోలుకూ ఇతరాలకూ 2,000. రిపేర్లకు 4,000. అంటే ఐదింటికే 32,000 ఇవ్వొచ్చు.

మళ్లీ చదవండి. మొత్తానికి 18 వేలు, ఐదింటికే 32 వేలు. అమ్మేవాళ్లు మొదట నమ్మరు. కాగితం మీద రాసి చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఎందుకంటే వాళ్లకు కావలసింది నిజానికి రెండు: కొంత డబ్బు, గది ఖాళీ. మిగతావి ఎత్తించే బాధ్యత కూడా మీరు మాట్లాడిపెడితే “మొత్తం తీసుకుంటేనే” అన్న మాట చాలాసార్లు సడలుతుంది.

లెక్కలో మీ ఆదివారాలు వేయలేదు. ఒక్కో పాత మిషన్ బాగుచేయడానికి నాకు రెండు మూడు ఆదివారాలు పడుతుంది. పది మిషన్లంటే దాదాపు అర సంవత్సరం. ఇది డబ్బులోకి మార్చకండి గానీ కేలెండర్ ముందు పెట్టుకుని మాత్రం చూడండి.

9. కొనకపోతే వేరే దారులు

- ముగ్గురు నలుగురు కలిసి కొని, బండి ఎక్కకముందే పంచుకోవడం. ఎవరికి ఏ నంబరో ముందే రాసుకోవాలి, లేకపోతే స్నేహం చెడుతుంది.
- ‘అ’ కుప్పకు మంచి ధర, ‘ఈ’ కుప్పకు రిజిస్టర్డ్ రీసైక్లర్.
- మ్యూజియానికి తగ్గ మిషన్ ఉండి మీరు కొనలేకపోతే, అలిపిరి దగ్గరున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలోనో, మీకు తెలిసిన ఇంజినీరింగ్ కాలేజీలోనో అడిగి చూడమని అమ్మేవాళ్లకు చెప్పండి.
- ఏదీ కుదరకపోతే కనీసం లేబుళ్ల ఫొటోలు, ఫ్లాపీల కాపీలు, మాన్యువళ్ల స్కాన్‌లు తీసుకోవడానికి ఒక రోజు అడగండి. ఇది ఓడిపోవడం కాదు. నాకు తెలిసిన ఒక లాట్‌లో అదొక్కటే మిగిలింది.

10. బేరం, కాగితం

భర్త పోయిన పెద్దావిడ “ఏమో నాయనా, నువ్వే ఇంత ఇవ్వు” అంటే ఆ మాటను వాడుకోకండి. ఏది అరుదైనదో ఆమెకు చెప్పి ధర కట్టండి. ఇలాంటి మాటలు ఊళ్లో పాకుతాయి, తర్వాతి లాట్ ఫోన్ మీకే వస్తుంది. అది రాకపోయినా సరే, చెప్పాలి.

కాగితం మీద అమ్మినవారి పేరు, తేదీ, మిషన్ల నంబర్ల జాబితా, సంతకం తీసుకోండి. ఇంట్లో అన్నదమ్ములుంటే అందరికీ తెలుసా అని అడగండి. కాలేజీ, ఆఫీసు సరుకైతే వేలం ఉత్తర్వో, లెక్కల్లోంచి తీసేశామనే రైటాఫ్ కాగితమో చూడకుండా అటెండర్ మాట మీద ఎత్తుకురావద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పెద్ద సంస్థలు పనికిరాని ఎలక్ట్రానిక్ సరుకును రిజిస్టరైన వాళ్లకే అప్పగించాలి. కాగితం లేకపోతే ఇబ్బంది వాళ్లకూ మీకూ.

పిక్చర్ ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది. పనికిరాని మానిటర్లను చెరువు గట్టున పారేసి రావడం, రాగి కోసం పగలగొట్టించడం చేయకండి.

11. తరలింపు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయిదా వేయగలిగితే వేయండి. కుదరకపోతే టార్పాలిన్ లేని బండి ఒప్పుకోవద్దు. మానిటర్లను గాజు ముఖం కిందికి పెట్టి, పాత పరుపు మీద పక్కపక్కనే పేర్చండి, ఒకదాని మీద ఒకటి వద్దు. ‘అ’ కుప్ప హమాలీల చేతికి ఇవ్వకండి, మీరే మోయండి, మీ కారులోనే తెచ్చుకోండి. ఫ్లాపీల డబ్బాలు స్పీకర్ల పక్కన పెట్టొద్దు.

12. మొదటి వారం, మొదటి నెల

తెచ్చిన రాత్రే ఆన్ చేయాలనిపిస్తుంది. ముందు చేయాల్సింది బ్యాటరీలు కత్తిరించడం. అన్ని బోర్డులవీ, బాగున్నట్టు కనిపించేవి కూడా. కారినచోట వెనిగర్‌లో ముంచిన బ్రష్‌తో మెల్లగా రుద్దండి, నూగు కరుగుతూ చిన్న నురగ వస్తుంది. నురగ ఆగాక నీళ్లతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. గ్లౌజులు వేసుకోండి.

అట్టపెట్టెలు, కాగితాలు ఇంట్లోకి తేకండి. నెల రోజులు బయట వరండాలో, గోడకు దూరంగా ఉంచి చెదలు, పురుగులు లేవని తేలాకే లోపలికి.

నెల తర్వాత మీ నిర్ణయం సరైనదో కాదో ఇలా చూసుకోండి. నోట్‌బుక్ తెరిచి ‘అ’ కుప్పలో ఎన్నింటికి పవర్ సప్లై వోల్టులు సరిగా ఉన్నాయో, ఎన్నింటి బోర్డులు శుభ్రమయ్యాయో టిక్ పెట్టండి. ‘ఆ’లో ఎన్ని అమ్ముడయ్యాయో, నిజంగా ఎంత వచ్చిందో పాత అంచనా పక్కన రాయండి. ‘ఈ’ కుప్ప ఇంకా ఇంట్లోనే ఉంటే అది తప్పు జరిగిందనడానికి మొదటి గుర్తు, ఆ వారమే పంపించేయండి. ఆ టిక్‌లు సగానికి తక్కువుంటే, రెండో లాట్ గురించి ఫోన్ వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి పెట్టుకుని మాట్లాడండి.